ఎల్ఏ-2ఏ ప్లగిన్ రాస్తున్నా: గ్రాఫులు కుదిరాయి, గొంతు దగ్గర కుదరట్లేదు

ఆలాపన_44కే

నాలుగు నెలలుగా ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏ కంప్రెసర్‌ని (గట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గించే పాత స్టూడియో పెట్టె) ప్లగిన్‌గా, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడుకునేలా రాస్తున్నాను. సీ ప్లస్ ప్లస్, జూస్ ఫ్రేమ్‌వర్క్. తెలిసినవాళ్ల స్టూడియోలో ఒక రీఇష్యూ యూనిట్ ఉంది. ఆదివారం బుకింగ్ లేకపోతే కొలుచుకోనిస్తారు.

1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి, ఒక్కో డీబీ పెంచుకుంటూ అవుట్‌పుట్ రాసుకున్నా. నా ప్లగిన్ గీత సరిగ్గా దాని మీదే పడింది. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కుదిరింది. అటాక్ (శబ్దం గట్టిపడ్డాక తగ్గించడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్లు, అదీ కుదిరింది. రిలీజ్ కోసం ఒక చిన్న టోన్ ముక్క పంపి, అది ఆగాక గెయిన్ ఎంతసేపట్లో వెనక్కొస్తుందో చూసి అదే పెట్టా.

చిక్కు ఇక్కడ. మా బాబాయ్ పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడతారు. ఆయన పద్యం ఒకటి రికార్డు చేసి అదే ఫైలు రెండింట్లోంచీ పంపాను. పద్యం చివర ఆయన రాగం తీస్తే పది పన్నెండు సెకన్లు ఆపకుండా లాగుతారు. రాగం ఆపి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి మాట మెల్లగా మొదలుపెడతారు చూడండి, ఆ సందులో నా ప్లగిన్‌లో ఊపిరి, హార్మోనియం తిత్తి చప్పుడు, ఫ్యాన్ మోత అన్నీ గబుక్కున పైకి లేస్తున్నాయి. హార్డ్‌వేర్‌లో లేవట్లేదు. మామూలు మాటలున్న చోట మాత్రం రెండూ ఒకేలా ఉన్నాయి.

రిలీజ్ టైమ్ పెంచి చూశా. రాగం దగ్గర బాగుంటుంది, మాటల దగ్గర గొంతు నలిగిపోతుంది. పది రోజులుగా ఇక్కడే ఆగిపోయా.


మిక్స్_మస్తాన్

ముందు లెవెల్ సరిచూశావా తమ్ముడూ? హార్డ్‌వేర్‌లో 0 వీయూ (మీటరు ముల్లు సున్నా మీద) అంటే +4 డీబీయూ, 1.228 వోల్టులు. ప్లగిన్ దగ్గర చాలామంది దాన్ని −18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్ఠానికి 18 డీబీ కింద) అనుకుని రాస్తారు. నీ కన్వర్టర్ వేరే లెక్కలో ఉంటే నువ్వు పోలుస్తున్నది రెండు వేర్వేరు లెవెళ్లని. నా దగ్గరకొచ్చే "ప్లగిన్ బాలేదు" ఫిర్యాదుల్లో సగం అదే. గొంతు ట్రాక్ −3 దాకా నింపి పంపుతారు, అది పిండేస్తుంది, తిట్టేది ప్లగిన్‌ని.


ఆలాపన_44కే

చూశాను మస్తానన్నా. లూప్‌బ్యాక్ పెట్టి కన్వర్టర్‌ని మల్టీమీటర్‌తో కొలిచా. రెండు ఫైళ్ల మధ్య తేడా 0.1 డీబీ లోపే.


మిక్స్_మస్తాన్

అయితే సరే. ఆ పని చేసినవాడివి నువ్వొక్కడివే కనిపిస్తున్నావు. కొనసాగించు.


సోల్డర్_శీను

నీ తప్పు రిలీజ్ కొలిచిన పద్ధతిలో ఉంది. చిన్న టోన్ ముక్క అన్నావు. ఎంత చిన్నది?

ఆ పెట్టె గుండెకాయ టీ4 అనే డబ్బా. ఎనిమిది పిన్నులతో పాత రిలే లాగా సాకెట్‌లో గుచ్చుకుంటుంది. లోపల ఒక ఎలక్ట్రోల్యూమినిసెంట్ ప్యానెల్, దానికి ఎదురుగా రెండు కాడ్మియం సల్ఫైడ్ ఫోటోసెల్స్. ఒకటి ఆడియోని తగ్గించడానికి, ఇంకోటి మీటరు కోసం. పాట గట్టిగా వస్తే ప్యానెల్ వెలుగుతుంది, వెలుగు పడితే సెల్ నిరోధకత పడిపోతుంది, సిగ్నల్ తగ్గుతుంది. అంతే సర్క్యూట్. జిమ్ లారెన్స్ 1960ల మొదట్లో చేసింది.

పాడైన టీ4 ఒకటి నేను కోసి చూశా. లైట్లు ఆపేసి, ప్యానెల్‌కి ఆంప్లిఫయర్‌లోంచి పాట ఇచ్చా. చీకట్లో నీలం కలిసిన ఆకుపచ్చ వెలుగు. గొంతుతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. మా పాప పక్కన కూర్చుని "మిణుగురు పాడుతోంది నాన్నా" అంది. పాట ఆపితే వెలుగు టక్కున పోయింది. ఓమ్ మీటర్ మీద సెల్ మాత్రం వెంటనే వెనక్కి రాలేదు. చిన్న కేక వేస్తే చురుగ్గా తిరిగొచ్చింది. అరనిమిషం పాట వాయించి ఆపితే చాలాసేపు పాకుతూ వచ్చింది.

దానికి జ్ఞాపకం ఉంది. నీ కోడ్‌లో అది లేదు.


డీఎస్పీ_లత

శీను గారు అసలు చోటు పట్టుకున్నారు. ఈ యూనిట్‌కి ఎప్పుడూ చెప్పే లెక్క ఇది: గెయిన్ సగం వెనక్కి రావడానికి సుమారు 60 మిల్లీసెకన్లు, మిగతా సగానికి 1 నుంచి 15 సెకన్లు. ఆ "1 నుంచి 15" మధ్య ఎక్కడ ఆగుతుందన్నది ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కావన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక్క టైమ్ కాన్‌స్టంట్‌తో అది రాదు. అందుకే నువ్వు రిలీజ్ ఎటు తిప్పినా ఒక చోట బాగై ఇంకోచోట చెడుతోంది.

మట్టికుండ అనుకో. మీద చెంబుడు నీళ్లు చల్లితే ఇట్టే ఆరిపోతుంది. రాత్రంతా తొట్టిలో నానబెట్టి తీస్తే పొద్దెక్కినా తడే. కాడ్మియం సల్ఫైడ్‌లోనూ వెలుతురుకు విడుదలైన ఛార్జిలో కొంత స్ఫటికంలోని లోపాల దగ్గర చిక్కుకుంటుంది. వెలుతురు పోయాక నెమ్మదిగా బయటపడుతుంది. ఎక్కువసేపు వెలిగితే ఎక్కువ చిక్కుకుంటుంది.

కోడ్‌లో రెండు స్థితులు పెట్టు. ఒకటి చురుకుది. రెండోది నింపడానికి సెకన్లు పట్టేది, ఖాళీ కావడానికి ఇంకా ఎక్కువ పట్టేది. రెండూ కలిపి నిరోధకత లెక్కకట్టు. డీబీలో కాదు, నిరోధకతలో. సెల్ నిరోధకత వెలుతురుతో ఎన్నో రెట్లు మారుతుంది కాబట్టి లాగరిథమ్ తీసుకుని నడిపితే లెక్క అదుపులో ఉంటుంది. ఆ తర్వాత దాన్ని అసలు సర్క్యూట్‌లో ఉన్నట్టే వోల్టేజ్ డివైడర్‌లో పెట్టు. గెయిన్ దానంతట అదే వస్తుంది.


కొత్త_చెవులు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇంత కష్టం ఎందుకు? ఇంపల్స్ రెస్పాన్స్ (ఒక్క చిటికె లాంటి శబ్దానికి యూనిట్ ఇచ్చే జవాబు) తీసుకుని కన్వల్యూషన్‌లో వేస్తే, అంటే ఆ జవాబుని పాటంతటికీ పూస్తే అయిపోదా? నా గిటార్ క్యాబినెట్లన్నీ అలాగే వాడుతున్నా.


డీఎస్పీ_లత

క్యాబినెట్‌కి అవుతుంది, కంప్రెసర్‌కి కాదు. ఇంపల్స్ రెస్పాన్స్ అంటే "ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ ఒకేలా స్పందిస్తుంది" అని ముందే ఒప్పుకోవడం. ఈఎంటీ 140 ప్లేట్ రివర్బ్ ఉంది చూడు, 1957 నాటిది. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న అరమిల్లీమీటరు ఉక్కు రేకుని ఫ్రేములో స్ప్రింగులతో బిగించి వేలాడదీశారు. మొత్తం 270 కిలోల దాకా బరువు. అది దాదాపు లీనియర్. దాని ఇంపల్స్ రెస్పాన్స్ తీస్తే నిజంగా అదే వినిపిస్తుంది.

కంప్రెసర్ పనే లెవెల్‌ని బట్టి మారడం. దాన్ని ఒక్క ఇంపల్స్‌తో పట్టుకోవడం అంటే పరిగెత్తే మనిషికి ఒక ఫోటో తీసి "ఇదీ ఆయన నడక" అనడం.


డల్లాస్_డ్రమ్మర్

270 కిలోలా! మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో రాసిన బరువు గుర్తొచ్చింది.


నెల్లూరు_న్యూరల్

అందరూ 1990ల పద్ధతిలో ఆలోచిస్తున్నారు. సర్క్యూట్ విప్పడం, ఒక్కో పార్టుకీ సమీకరణం రాయడం ఎందుకు? ఇన్‌పుట్, అవుట్‌పుట్ రికార్డు చేసి నెట్‌వర్క్‌కి నేర్పిస్తే పోలా. గిటార్ ఆంప్‌లకి న్యూరల్ ఆంప్ మోడలర్ వచ్చాక ఎవరైనా ఇంట్లో కూర్చుని తమ ఆంప్‌ని పట్టుకుంటున్నారు. ఓపెన్ సోర్స్, ఉచితం. ట్యూబ్ డిస్టార్షన్ నేను పట్టుకున్నది అసలుదానితో కలిపి వినిపిస్తే మా బ్యాండ్‌లో ఎవరూ చెప్పలేకపోయారు.


ఆలాపన_44కే

ప్రయత్నించాను అన్నా. ట్యూబ్ దశ (పెట్టెలో వాక్యూమ్ ట్యూబులతో సిగ్నల్‌ని పెంచే భాగం) చాలా బాగా వచ్చింది. రాగం చివర మాత్రం అదే సమస్య.


డీఎస్పీ_లత

రాదు మరి. ఆంప్ డిస్టార్షన్‌కి కొన్ని మిల్లీసెకన్ల గతం తెలిస్తే చాలు. ఇక్కడ పది సెకన్ల కిందట ఏం జరిగిందో గుర్తుండాలి. 48 కిలోహెర్ట్జ్‌లో పది సెకన్లంటే 4,80,000 శాంపిళ్లు. నెట్‌వర్క్ చూసే కిటికీ అంత వెడల్పు ఉండదు. గతాన్ని లోపల మోసుకెళ్లే రకం నెట్‌వర్క్ అయినా, నేర్పేటప్పుడు చిన్నచిన్న ముక్కలుగా కోసి నేర్పుతారు కాబట్టి అంత పొడవైన సంగతి దాని కంట పడదు.

దానికి తోడు, అలా పట్టుకున్నది ఒక్క నాబ్ స్థానానికే. పీక్ రిడక్షన్ (ఎంత నొక్కాలో చెప్పే నాబ్) తిప్పితే మళ్లీ రికార్డు చేయాలి, లేదా నాబ్ విలువ కూడా ఇచ్చి నేర్పాలి.

నేనైతే కలిపి వాడతా. టీ4కి చేత్తో రాసిన మోడల్, ట్యూబ్ దశకి నెట్‌వర్క్. తప్పేం లేదు.


నెల్లూరు_న్యూరల్

కలిపి వాడటం ఒప్పుకుంటా. "1990ల పద్ధతి" అన్నమాట కూడా వెనక్కి తీసుకుంటున్నా.


టేపు_మావయ్య

మీరు చెప్పే లెక్కలు నాకు సగమే అర్థమయ్యాయి కానీ ఆ పద్యం సంగతి బాగా అర్థమైంది. నేను మద్రాసులో అసిస్టెంట్‌గా చేరింది టేపు రోజుల్లో. పొద్దున పాట మొదలయ్యే ముందు గంటసేపు నా పని మెషిన్ సర్దడమే. హెడ్లు స్పిరిట్‌తో తుడవాలి, డీమాగ్నటైజ్ చేయాలి, టెస్ట్ టేపు ఎక్కించి 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్, 100 హెర్ట్జ్ టోన్లు చూసి ఒక్కో ట్రాకుకీ స్క్రూ తిప్పాలి. కొత్త టేపు బ్యాచ్ వస్తే బయాస్ మళ్లీ మొదటినుంచి. నా మెషిన్ నిన్నటిలా ఇవాళ ఉండేది కాదు. మధ్యాహ్నం ఏసీ ఆగితే సాయంత్రానికి ఇంకోలా ఉండేది.

అప్పుడు ఇంజనీర్ గారి చెయ్యి ఎప్పుడూ ఫేడర్ మీదే. గాయకుడు పైషడ్జానికి వెళ్లే ముందే వేలు కిందికి జారేది, చరణం మొదట్లో మళ్లీ నెమ్మదిగా పైకి. ఆ "నెమ్మదిగా" అన్నదే అసలు విద్య. గబుక్కున పైకి తోస్తే గది చప్పుడు లేచొస్తుందని మొదటి వారమే చివాట్లు తిన్నా. మీరు చెప్పే ఆ డబ్బా చేసేది అదే పని. పెద్ద రాగం తర్వాత తొందరపడదు, చిన్న మాట తర్వాత ఆలస్యం చేయదు.

బాబుకి నా సలహా ఒకటే. మీటరు చూడటం ఆపి ఊపిరి విను. ఊపిరి ఎంత బిగ్గరగా వినిపిస్తోందన్నదే నీ కొలబద్ద.


ఆలాపన_44కే

మావయ్య గారూ, ఈ పోస్టు రెండుసార్లు చదివాను. ఫేడర్ మీద వేలు అన్నారు కదా, ఇప్పుడు నేను రాయాల్సింది ఏమిటో బొమ్మలా కనిపిస్తోంది.

శీనన్నా, నేను పంపిన టోన్ ముక్క 200 మిల్లీసెకన్లు. ఒక్కసారే కొలిచి వదిలేశా.


సోల్డర్_శీను

అదే. మళ్లీ కొలువు. గట్టి టోన్ 50 మిల్లీసెకన్లు ఒకసారి, 500 ఒకసారి, 5 సెకన్లు ఒకసారి, 20 సెకన్లు ఒకసారి. ఒక్కోదాని తర్వాత చాలా మెత్తటి టోన్ నడిపించు, కంప్రెసర్‌ని తాకనంత మెత్తగా. ఆ మెత్తటి టోన్ ఎలా పైకి వస్తుందో అదే నీ రిలీజ్. మధ్యలో కనీసం రెండు నిమిషాలు వదిలెయ్, లేకపోతే ముందు దాని తడి దీనికి అంటుతుంది (లతక్క కుండ లెక్కలో).

ఇంకోటి. పొద్దున ఆన్ చేసిన వెంటనే కొలవకు. రాత్రంతా చీకట్లో ఉన్న సెల్ వేరేలా ప్రవర్తిస్తుంది. అరగంట పాట నడిపి, ఆ తర్వాత మొదలుపెట్టు. ఆర్37 అని స్క్రూడ్రైవర్‌తో తిప్పే ప్రీ-ఎంఫసిస్ సర్దుబాటు ఉంటుంది. ఎఫ్ఎం ప్రసారాల కాలం నాటిది. అది ఎవరైనా కదిపి ఉంటే పై ఫ్రీక్వెన్సీలకి ఎక్కువ నొక్కుతుంది. అదీ చూసుకో.


మిక్స్_మస్తాన్

నేనొకటి అడగాలి, కోపగించుకోకండి. ఇంత చేశాక వినేవాడికి తేడా తెలుస్తుందా? మిక్స్‌లో గొంతు చుట్టూ నలభై ట్రాకులుంటాయి. నేను రోజూ ప్లగిన్లతోనే పనిచేస్తా, ఏ నిర్మాతా ఇప్పటిదాకా "ఇది అసలు ఎల్ఏ-2ఏ కాదు" అనలేదు. లెవెల్ కలిపి, పేర్లు దాచి వినిపిస్తే హార్డ్‌వేర్ అభిమానులు కూడా తడబడతారు. ఒక డీబీ ఎక్కువున్నది ఎప్పుడూ "వెచ్చగా" ఉంటుంది.


టేపు_మావయ్య

నలభై ట్రాకుల్లో తెలియదు, ఒప్పుకుంటా. పద్యానికి హార్మోనియం, తబలా తప్ప ఏముంటాయి బాబూ? అక్కడ దాక్కోవడానికి చోటు లేదు.


డీఎస్పీ_లత

మస్తాన్ గారి మాటలో సగం నిజం. దాచి వినడం అందరూ చేయాలి. నేను నా సొంత ప్లగిన్లలో ఒకదాన్ని అలా విని పక్కన పెట్టేశా, గ్రాఫిక్స్ చూసే ముచ్చటపడ్డానని తేలింది. కానీ ఆలాపన విన్నది ఊహ కాదు. ఫ్యాన్ మోత పైకి లేవడం ఫైల్లో కొలవగలిగేది.


కొత్త_చెవులు

లతక్కా, ఇంకో ప్రశ్న. చాలా ఉచిత ప్లగిన్లు పై స్వరాల్లో గీరుకున్నట్టు వినిపిస్తాయి. ట్యూబ్ శబ్దం అంటే అదేనా?


డీఎస్పీ_లత

కాదు, అది అలియాసింగ్. మంచి ప్రశ్న.

ట్యూబ్ గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ హార్మోనిక్స్ పుట్టిస్తుంది. 7 కిలోహెర్ట్జ్ స్వరానికి ఐదో హార్మోనిక్ 35 కిలోహెర్ట్జ్. అసలు యూనిట్‌లో అది మన చెవికి అందని చోట ఉండిపోతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో నడిచే కోడ్‌లో దానికి చోటు లేదు, 22.05 దాకే హద్దు. అందుకని మడతపడి 44.1 లోంచి 35 తీసేస్తే వచ్చే 9.1 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఏడో హార్మోనిక్ 49, అది 4.9 దగ్గర పడుతుంది. అంటే నీ స్వరం కంటే కిందికి! పాడినదానితో శ్రుతి కలవదు. స్వరం పైకి జారుతుంటే మడతపడిన ఐదోది కిందికి జారుతుంది. నువ్వు విన్న గీరుడు అదే.

మందు ఓవర్‌శాంప్లింగ్. నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో వేగంగా లెక్కకట్టి, ఫిల్టర్ చేసి, మళ్లీ దించుకోవాలి. టీ4 భాగానికి అవసరం లేదు, అది నెమ్మది వస్తువు. ట్యూబ్ దశకి మాత్రం తప్పదు.

ఈ వేగం గొడవ 1176 అనే ఇంకో పాత కంప్రెసర్‌లో ఇంకా ముదురుతుంది. అందులో ఫోటోసెల్ బదులు ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) వాడారు, అటాక్ 20 మైక్రోసెకన్ల దాకా వెళ్తుంది. 44.1లో ఒక్క శాంపిల్ నిడివే సుమారు 22.7 మైక్రోసెకన్లు. అంటే ఒక శాంపిల్ నుంచి ఇంకో శాంపిల్‌కి వెళ్లేలోపే అసలు యూనిట్ పట్టుకుని ఉంటుంది. రెండూ ఫీడ్‌బ్యాక్ కంప్రెసర్లే, తగ్గించిన సిగ్నల్‌నే మళ్లీ చూసి తగ్గిస్తాయి. ఆ చుట్టులో ఒక్క శాంపిల్ ఆలస్యం పెడితే ఎల్ఏ-2ఏకి ఏమీ కాదు, 1176కి ప్రవర్తనే మారిపోతుంది. అందుకే మొదటి ప్రాజెక్టుగా ఆలాపన ఎంచుకున్నది మంచిదే.


డల్లాస్_డ్రమ్మర్

ఒక సందేహం. నా దగ్గరున్న ఆప్టికల్ కంప్రెసర్ ప్లగిన్‌లో పాటని మధ్యలోంచి ప్లే చేసి విన్నప్పుడు ఒకలా, మొత్తం బౌన్స్ చేసినప్పుడు (మొదటినుంచి ఫైలుగా తీసినప్పుడు) ఆ చోట ఇంకోలా వస్తోంది. బగ్ అని కంపెనీకి రాద్దామనుకుంటున్నా.


డీఎస్పీ_లత

రాయకండి, అది సరిగ్గా పనిచేస్తోంది. మధ్యలోంచి మొదలుపెడితే ప్లగిన్‌కి అంతకుముందు పాట తెలియదు. సెల్ ఆరిపోయి ఉందనుకుంటుంది. మొదటినుంచి వస్తే నానిపోయి ఉంటుంది. పది పదిహేను సెకన్ల ముందునుంచి ప్లే చేస్తే రెండూ కలుస్తాయి.


డల్లాస్_డ్రమ్మర్

కలిశాయి! ఏడాదిగా దీని మీద తిట్టుకుంటున్నా.


సోల్డర్_శీను

హమ్, హిస్ కూడా పెడుతున్నావా ప్లగిన్‌లో? కొన్నిటిలో కావాలని 50 హెర్ట్జ్ మోత వేసి "అసలుదనం" అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ మోత తీసేయడమే నా జీతం. దయచేసి పెట్టకు.


మిక్స్_మస్తాన్

శీనుతో నూరు శాతం. పెడితే కనీసం ఆపే స్విచ్ ఉండాలి. నలభై ట్రాకుల మీద నలభై మోతలు కలిస్తే అది తుమ్మెదల తుట్టె.


ఆలాపన_44కే

మూడు ఆదివారాలు పట్టింది. ఆర్37 ఎవరో కదిపి ఉంది, శీనన్న అనుమానం నిజమే. సర్దాక, అరగంట పాటలు నడిపి, చెప్పినట్టే కొలిచాను.

50 మిల్లీసెకన్ల టోన్ తర్వాత దాదాపు మొత్తం ఒక సెకను లోపే వెనక్కొచ్చేసింది. 500 తర్వాత తోక కనపడటం మొదలైంది. 5 సెకన్ల తర్వాత సగం చకచకా వచ్చి, మిగతాది అలా పాకుతూనే ఉంది. 20 సెకన్ల టోన్ తర్వాత చివరి రెండు డీబీలు వచ్చేలోపు నేను వెళ్లి టీ తెచ్చుకున్నా. నాలుగు గీతల్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే మొదటి భాగం దాదాపు ఒకటే, తోకలు నాలుగు దారులు. నా పాత కోడ్‌లో నాలుగింటికీ ఒకే గీత!

లతక్క చెప్పినట్టు రెండు స్థితులు పెట్టా. 5 సెకన్లకి సరిపోయింది, 20 సెకన్లకి తోక పొట్టిగా వచ్చింది. ఇంకా నెమ్మదిది మూడోది కలిపా. ఇప్పుడు నాలుగూ అర డీబీ లోపల ఉన్నాయి.

పద్యం మళ్లీ పంపాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నా. రాగం ఆగింది, ఊపిరి వచ్చింది, కానీ ఊపిరి ఊపిరిలా ఉంది. ఫ్యాన్ ఎక్కడో వెనక. తర్వాతి మాట మెల్లగా మొదలై, పాదం సగానికొచ్చేసరికి గొంతు మామూలు చోటుకి వచ్చేసింది. వచ్చిందని తెలియలేదు కూడా. బాబాయ్‌కి ఏది ఏదో చెప్పకుండా రెండూ వినిపించా. "రెండూ ఒకటే కదరా, మళ్లీ ఎందుకు పెట్టావ్?" అన్నారు. అప్పుడు పాత వెర్షన్ పెట్టా. రాగం చివర దాకా విని "ఇక్కడ ఎవరో నా మెడ మీద ఊపిరి వదిలినట్టుంది" అన్నారు.


టేపు_మావయ్య

ఆయన చెవి గొప్పది. నా తరఫున నమస్కారం చెప్పు.


నెల్లూరు_న్యూరల్

ఆ నాలుగు కొలతల ఫైళ్లు పంచుకోగలవా? మూడు స్థితుల మోడల్‌లోని సంఖ్యల్ని చేత్తో కాకుండా ఆప్టిమైజర్‌తో వెతికి చూస్తా. అర డీబీ ఇంకా తగ్గొచ్చు.


సోల్డర్_శీను

సంతోషం. కానీ తమ్ముడూ, నువ్వు కాపీ చేసింది "ఎల్ఏ-2ఏ" కాదు, ఆ స్టూడియోలో ఉన్న ఆ ఒక్క డబ్బా. నా బల్ల మీద ఇప్పుడు రెండు టీ4లున్నాయి. ఒకే పెట్టెలో ఒకదాని తర్వాత ఒకటి గుచ్చితే ఒకటి చురుకు, ఒకటి బద్ధకం. ప్యానెల్ పాతబడేకొద్దీ వెలుగు తగ్గుతుంది, పీక్ రిడక్షన్ నాబ్ ఎక్కువ తిప్పాల్సొస్తుంది. ఒక ఇంజనీరు "నాది 40 మీద పెడితే బాగుంటుంది" అంటే ఇంకొకరిది 55 మీద ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కావాలంటే ఆ రెండూ కొరియర్ చేస్తా, నీ ఆదివారం యూనిట్‌లో గుచ్చి కొలువు. ఫోమ్‌లో చుట్టి పంపు వెనక్కి.


ఆలాపన_44కే

ఇంతకంటే ఏం కావాలి అన్నా. మూడు సెల్స్ కొలిస్తే ప్లగిన్‌లో మూడో నాబ్ పెట్టి "సెల్ వయసు" అని ఇవ్వొచ్చు.


మిక్స్_మస్తాన్

నాబ్ వద్దు! అసలు యూనిట్‌లో రెండే నాబ్‌లు, గెయిన్, పీక్ రిడక్షన్. అర్ధరాత్రి రెండింటికి మిక్స్ చేస్తున్నప్పుడు నేను దాన్నే ఎందుకు తీస్తానంటే ఆలోచించే పని లేదు కాబట్టి. సెల్ ఎంచుకోవాలంటే వెనకాల మెనూలో మూడు పేర్లు పెట్టు. ముందు వైపు ముట్టుకోకు.


డీఎస్పీ_లత

మస్తాన్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. చూపించేదాని గురించి ఇంకోమాట: అసలు పేరు, అదే ముఖం పెట్టకు. పాత సర్క్యూట్ చూసి రాసుకోవడం వేరు, ఆ పేర్లు వాడుకోవడం వేరు. టెలిట్రానిక్స్, 1176 లాంటి పేర్లు ఇప్పుడు యూనివర్సల్ ఆడియో వాళ్లవి. నీ సొంత పేరు, సొంత బొమ్మ పెట్టుకో.


కొత్త_చెవులు

"మిణుగురు" అని పెట్టండి! శీను గారి పాప అన్నది.


సోల్డర్_శీను

పాపకి చెప్పా. ఇల్లంతా ఎగురుతోంది. ఇక పేరు మార్చడానికి లేదు.


ఆలాపన_44కే

మిణుగురే. ఖాయం.

కొలతల ఫైళ్లు ఈ రాత్రి పెడతా, నెల్లూరు అన్నా. మావయ్య గారూ, మీకు విడిగా పద్యం పంపిస్తా, మూడు వెర్షన్లు, ఏది ఏదో రాయకుండా.


టేపు_మావయ్య

పంపు. కంప్యూటర్ స్పీకర్ల మీద వినను, మా అబ్బాయి పాత మానిటర్లు అటక మీదున్నాయి, రేపు దింపిస్తా. లెవెల్ మాత్రం మూడింటికీ సమానంగా ఉంచు, లేకపోతే మస్తాన్ ఊరుకోడు.